రేకులైతే ఒక న్యాయం, స్లాబైతే ఒక న్యాయం

టౌన్ ప్లానింగ్ అంటే ఊరికి నక్షా గీయడం అనుకుని ఈ ఉద్యోగంలోకి వచ్చే పిల్లలకు ముందే చెబుతున్నాను. మీ చేతికి నక్షా వచ్చేసరికి ఊరు కట్టేసి ఉంటుంది. మీరు చేయాల్సిందల్లా కట్టిన ఊరి పక్కన నక్షా పట్టుకుని నిలబడి, రెండింటిలో తప్పు దేనిదో తేల్చడం. తప్పు నక్షాదేనని తేల్చిన అధికారిని నా సర్వీసులో నేను చూడలేదు.

మాది అల్వాల్. సర్వీసంతా మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కలే గడిచింది. చేరిన కొత్తలో అటువైపు ద్రాక్షతోటలు, కోళ్లఫారాలు, వాటి మధ్య మట్టిరోడ్లు ఉండేవి. రిటైరయ్యేసరికి తోటలు కాలనీల పేర్లలో మాత్రమే మిగిలాయి. అత్వెల్లి దాకా రోడ్డుకు రెండు పక్కలా షట్టర్లు, షట్టర్ల వెనక ప్లాట్లు, ప్లాట్ల మధ్య అక్కడక్కడా ఎవరో ఒకాయన పంతం పట్టి వేసిన మొక్కజొన్న. అదీ నేను చూసిన అభివృద్ధి.

నన్ను జనం "కొలతల సారు" అనేవాళ్లు. ఆఫీసు లెక్కలో నాకు వేరే హోదా ఉండేది కానీ, టేపు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డవాణ్ణి ఎవరూ హోదాతో పిలవరు. టేపు రెండో కొస పట్టుకునేవాడు మా చైన్‌మన్ మల్లేశం. నోరు కాస్త ఎక్కువ, ఒళ్లు దాచుకునే మనిషి కాదు. ఈ రాతలో వాడు అడుగడుగునా వస్తాడు. ప్రమోషన్ల గురించి మాత్రం రాయను. అవి ఆలస్యంగా వచ్చాయి, వచ్చాక నా కుర్చీకి చేతులు మొలిచాయి, అంతకుమించి ఏమీ మారలేదు.

ఖాళీ జాగా అంటే మనవాళ్లకు పడదు

ఇల్లు కట్టుకునేవాళ్లు గోడకూ ప్రహరీకీ మధ్య కొంత జాగా వదలాలి. దాన్ని మేం సెట్‌బ్యాక్ అంటాం. గాలీ వెలుతురూ రావాలని, నిప్పంటుకుంటే మనిషి బయటపడాలని పెట్టిన రూలు. మంచి రూలే, నేను దాన్ని వెక్కిరించను. కాకపోతే మనవాళ్లకు ఖాళీ జాగా కనిపిస్తే నిద్రపట్టదు. ప్లాన్‌లో ఖాళీ అని రాసిన చోట మొదట పూలకుండీలు వస్తాయి. తర్వాత కుండీల మీద ఎండ పడుతోందని ఒక రేకు వస్తుంది. రేకు కింద కుక్కలు పడుకుంటున్నాయని గోడ లేస్తుంది. గోడ ఉన్నాక తలుపు లేకపోతే బాగుండదు కదా అని తలుపు. తలుపు పెట్టాక టు-లెట్ బోర్డు దానంతట అదే వస్తుంది.

డాబా మీదిది ఇంకో కథ. కాగితం మీద రెండంతస్తులు, పైన ఆకాశం. కట్టాక ఆకాశం కొంచెం పైకి జరుగుతుంది. దాన్ని పెంట్‌హౌస్ అని మన ముందు ఎవరూ అనరు. ఒకాయన అది బట్టలారేసుకునే షెడ్డు అన్నాడు. షెడ్డుకు అద్దాల కిటికీలు, గోడకు ఏసీ ఉన్నాయి. మల్లేశం ఏసీని కాసేపు చూసి, "బట్టలకు ఉక్కవోస్తదా సార్?" అని అడిగాడు. ఆయనకు కోపం వచ్చింది. మా మీద పైకి ఫిర్యాదు చేశాడు, సిబ్బంది ప్రవర్తన బాగాలేదని.

కొత్తవాళ్లకు నా సలహా ఒకటే. ఫిర్యాదు వస్తే, ఎవరి మీద వచ్చిందో ఆ ఇంటికంటే ముందు ఫిర్యాదు చేసినాయన ఇల్లు కొలవండి. ఇది ఆఫీసు రూలు కాదు, నా రూలు. ఉద్యోగంలో మీకు ఏ సరదా లేకపోయినా ఈ సరదా ఉంటుంది. పక్కింటివాడి మెట్లు జానెడు ముందుకొచ్చాయని వగచినాయన, తన ఇంటి వెనక ఏకంగా వంటగది కట్టుకుని, అందులో కాచిన చాయ్ మాకే ఇస్తాడు. చాయ్ తాగండి, తప్పులేదు. టేపు మాత్రం జేబులో పెట్టకండి.

లంచాల సంగతి అడుగుతారని తెలుసు. అందులో నేను కొత్తగా చెప్పేదేమీ లేదు, మీరు వినందీ లేదు. నాకు తెలిసిన సంగతి దానికంటే చేదైనది. ఒక్క పైసా ముట్టకుండా, పూర్తి నిజాయితీగా, రూలు పుస్తకం ముందు పెట్టుకుని కూడా మా సెక్షన్ అన్యాయం చేయగలదు. ఎట్లాగో ఇప్పుడు చెబుతాను.

పెద్దసారూ ఫోటో

నేను ఎక్కువ కాలం ఎవరి కింద పనిచేశానో ఆ అధికారిని పెద్దసారు అందాం. చెడ్డమనిషి కాదు. మధ్యాహ్నం తన డబ్బాలో కూర అందరికీ వడ్డించేవాడు. ఆయనకు ఒక్కటే భయం, టేబుల్ మీద ఫైలు తెరిచి ఉండటం. తెరిచిన ఫైలు చూస్తే ఆయనకు బీపీ పెరిగేది. "ఫైలు నడవాలె, మనం నడవద్దు" అనేవాడు. ఎవరైనా తర్కం తీస్తే, "నువ్వు న్యాయం జెయ్యకు తండ్రీ, ఫోటో పెట్టు" అనేవాడు.

ఫోటో సంగతి చెప్పాలి. అనుమతి లేని స్లాబు పడిందని ఫిర్యాదు వస్తే నోటీసు ఇస్తాం, జవాబు రాకపోతే ఇంకో నోటీసు ఇస్తాం, ఆఖరికి కూల్చమని ఆర్డరు వస్తుంది. కూల్చడం తేలిక కాదు. స్లాబు కింద ఇంకో స్లాబు, దాని కింద మనుషులు, వాళ్ల చేతిలో స్టే కాగితం. అందుకని మావాళ్లు ఒక పద్ధతి కనిపెట్టారు. పద్ధతి నాకంటే పాతది. బ్రేకర్ మిషన్ తీసుకుని డాబా ఎక్కుతాం. స్లాబుకు మూడు చోట్ల బొక్కలు కొడతాం. లోపలి ఇనుము కనిపించాలి, అది ముఖ్యం. ఇనుము కనిపించేట్టు ఫోటో తీస్తాం. "అక్రమ నిర్మాణంపై చర్య తీసుకోబడినది" అని రాస్తాం. ఫైలు మూసుకుంటుంది, పెద్దసారు బీపీ దిగుతుంది.

మేం మెట్లు దిగి జీపెక్కేలోపే మేస్త్రీ సిమెంటు కలుపుతుంటాడు. కొందరు ఇళ్లవాళ్లు మరీ మర్యాదస్తులు. బొక్కలు ఎక్కడ కొడితే తర్వాత పూడ్చడానికి వీలుగా ఉంటుందో సుద్దతో గుర్తులు పెట్టి ఉంచేవాళ్లు. మొదట్లో నాకు ఇది నవ్వులాటగా ఉండేది. బాలమణి గది చూశాక నవ్వు పోయింది.

బాలమణి రేకుల గది

శామీర్‌పేట చెరువు మీద బతికే కుటుంబాల్లో బాలమణిది ఒకటి. ఆమె భర్త యాదయ్య వల వేస్తాడు, ఆమె చేపలు అమ్ముతుంది. అమ్మకమంతా రోడ్డుకు ఆవలి కొత్త కాలనీ గేటు దగ్గర. ఆ కాలనీ పేరులో లేక్ వ్యూ అని ఉంటుంది. అక్కడి నుంచి చూస్తే పాత కోళ్లఫారం వెనకగోడ కనిపిస్తుంది. ఆ గోడ దాటితే బాలమణి వాళ్ల వాడ.

చెరువులో చేప తగ్గింది. ఇంటి వెనక సెట్‌బ్యాక్‌లో ఇటుక గోడలు లేపి, పైన సిమెంటు రేకులు వేసి, ఒక గది కట్టింది బాలమణి. అందులోకి మెదక్ వైపు నుంచి వచ్చిన ఒక జంట కిరాయికి దిగింది. నర్సింలు కూలిపనికి పోతాడు. అతని భార్య అనిత కాలనీలో నాలుగిళ్లలో అంట్లు తోమి, ఇళ్లు తుడుస్తుంది. వాళ్లకు చంటిపిల్ల. అనిత పనికి పోయినప్పుడు ఆ పిల్ల బాలమణి ఒళ్లో ఉండేది. పాలవేళకు గోడ పక్కనుంచి రెండు నిమిషాల్లో వచ్చి పాలిచ్చి పోయేది అనిత. ఆ గది వల్ల బాలమణి పొయ్యి వెలిగేది, అనిత పిల్ల పాలకు ఏడవకుండా ఉండేది, కాలనీలో గిన్నెలు వేళకు మెరిసేవి.

ఫిర్యాదు కాలనీ అసోసియేషన్ నుంచి వచ్చింది. అధ్యక్షుడు వరప్రసాద్ గారు. గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి, ఒక కంపెనీలో మంచి హోదా, మాట మెత్తన.

"చూడండీ, మాకు వ్యక్తిగతంగా ఆవిడ మీద ఏమీ లేదండి" అన్నారు. "చేపలు కూడా ఆవిడ దగ్గరే కొంటాం. ఫ్రెష్‌గా ఉంటాయి. కానీ ఇలా ఎవరికి వారు షెడ్లు వేసి అద్దెలకిస్తే ఏరియా పాడైపోదాండీ? ఎవరెవరో వస్తారు. ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిదండీ?"

ఆ ఎవరెవరోలో ఒకామె అప్పుడే మాకు మంచినీళ్లు తెచ్చి పెట్టింది. అనితను నేను మొదటిసారి చూసింది అక్కడే.

నా రూలు ప్రకారం ఆయన ఇల్లు కూడా కొలుస్తానన్నాను. డాబా మీద పెంట్‌హౌస్ ఉంది. నేలంతా చెక్కపలకలు, గోడలకు అద్దాలు. "యోగా హాలండీ, నివాసం కాదు" అన్నారు. అది నిజమే. అందులో ఎవరూ ఉండరు. ఎవరూ ఉండని గదికి స్లాబుంది, మనుషులున్న గదికి రేకులున్నాయి.

ఆఫీసుకు వచ్చి పెద్దసారుతో చెప్పాను. "సార్, కంప్లైంట్ ఇచ్చినాయనదే పెద్ద డీవియేషన్."

"దాని మీద కంప్లైంట్ ఉన్నదా?"

"లేదు సార్."

"మరి లేనిదాని గురించి నాకెందుకు జెప్తవ్? రేకుల షెడ్డు ఫైలు తియ్యి."

నేను ఇంకొంచెం వాదించాను. ఆమె ఇల్లే చిన్న ముక్క, మన సెట్‌బ్యాకులన్నీ వదిలితే ఆమెకు మిగిలేది గుమ్మం ఒక్కటే, ఈ రూలు రాసినవాళ్లు అంత చిన్న ఇల్లు చూసి ఉండరు అన్నాను. ఆయన డబ్బా మూత తీసి, బెండకాయ వేపుడు నా ప్లేట్లో వేశాడు. మా ఆఫీసులో వాదన ముగిసిందనడానికి అదే గుర్తు.

రేకులకు మిషన్ అక్కర్లేదు

స్లాబుకు చేసినట్టు రేకులకు బొక్కలు కొడితే సరిపోదా అని మీరడగవచ్చు. నేనూ అడిగాను. రేకుకు బొక్క కొడితే ఇనుము కనిపించదు, ఫోటో బాగుండదు. పైగా రేకుల గదిని పూర్తిగా తీసేయడం చాలా సులువు. పైకెక్కి హుక్కుల నట్లు విప్పితే రేకులు దిగుతాయి. పైకప్పు పోయాక గోడలను నలుగురు నెడితే పడతాయి. మిషన్ వద్దు, స్టే కాగితం తెచ్చుకునే తెలివీ తీరికా వాళ్లకుండవు. అందుకే మా రికార్డుల్లో పూర్తిగా తొలగించిన నిర్మాణాలన్నీ దాదాపు రేకులవే. ఏడాది చివర మా సెక్షన్ పనితీరు భేష్ అని పైనుంచి కితాబు వస్తే, దాని కింద ఎవరి వంటగిన్నెలు బయటపడి ఉన్నాయో పైవాళ్లకు తెలియదు.

ఆ రోజు పొద్దున పోయాం. నర్సింలు పనికి పోయి ఉన్నాడు. అనిత కాలనీ నుంచి పరుగెత్తుకొచ్చింది, చేతులకు ఇంకా సబ్బు నురగ. లోపలున్న సామానంటే ఒక ట్రంకు పెట్టె, గ్యాస్ పొయ్యి, చీర ఉయ్యాల. మల్లేశమే వాటిని బయటికి మోశాడు. ఉయ్యాల విప్పేటప్పుడు ముడి రాకపోతే కత్తి తియ్యబోయి మళ్లీ ఆగి, ఓపికగా విప్పాడు.

బాలమణి ఏడవలేదు, తిట్టలేదు. రేకులు దిగుతుంటే చూస్తూ నిలబడింది.

"గిదేంది సారూ, గింత జల్దీ ఐపాయె" అన్నది. "కట్టేటప్పుడు మస్తు దినాలు వట్టింది."

అనిత పిల్లను ఎత్తుకుని నా ముందుకొచ్చింది. "మేము ఏడికి వోవాలె సారూ?"

మా నక్షాలో అన్నిటికీ రంగులున్నాయి. ఇళ్లకు ఒక రంగు, దుకాణాలకు ఒకటి, ఫ్యాక్టరీలకు ఒకటి, చెరువుకు నీలం, తోటలు పోయినా తోటలకు ఆకుపచ్చ. నాలుగిళ్లలో అంట్లు తోమే మనిషి రాత్రి ఎక్కడ పడుకోవాలో చెప్పే రంగు మాత్రం లేదు. పనికి ఆమె దగ్గరుండాలి, కంటికి దూరముండాలి. ఈ రెండూ కలిసే చోటు ఏ నక్షాలోనూ ఉండదు. నాకు ఒళ్లు మండింది. మండినా ట్రాక్టరులో రేకులు ఎక్కించి పంపించాను. ఉద్యోగం అంటే అదే.

కాలనీకి కష్టం వచ్చింది

అనిత వాళ్లు కీసర దగ్గర ఒక బంధువుల ఇంట్లో, వసారాలో సర్దుకున్నారు. పని మానితే గడవదు కనుక అనిత అక్కడి నుంచే బస్సులు మారి కాలనీకి వచ్చేది. చంటిపిల్ల కీసరలోనే ఉండేది. పిల్లకు సీసాపాలు అలవాటు చేశారని, అది సరిగా తాగడం లేదని బాలమణి మల్లేశంతో చెప్పి బాధపడిందట.

కొన్నాళ్లకు వరప్రసాద్ గారు ఆఫీసుకొచ్చారు. కొత్త ఫిర్యాదేమో అనుకున్నాను. ఫిర్యాదే కానీ ఎవరి మీదో ఆయనకే తేలలేదు.

"పనివాళ్లు మరీ ఇబ్బంది పెడుతున్నారండీ" అన్నారు. "మా అనిత ఎనిమిదింటికి రావాల్సింది పదింటికి వస్తోంది. అడిగితే బస్సు అంటుంది. ఇద్దరు ముగ్గురు పూర్తిగా మానేశారు. ఆడవాళ్లంతా నన్ను పట్టుకుని అడుగుతున్నారు, మీరు అధ్యక్షుడై ఏం చేస్తున్నారని. ఇక్కడే దగ్గర్లో వాళ్లు ఉండేట్టు గవర్నమెంటు ఏదైనా చేయకూడదాండీ?"

ఆయన వెక్కిరించడం లేదు. మనస్ఫూర్తిగా అడిగారు. ఆయన ఇచ్చిన ఫిర్యాదుకూ ఆయన ఇంట్లో పేరుకున్న గిన్నెలకూ సంబంధం ఉందని ఆయనకు తట్టలేదు. ఒక్కోసారి నాకనిపిస్తుంది, చెడ్డవాళ్లతో వేగడం తేలిక. మంచివాళ్లకు తట్టని సంగతులతో వేగడమే కష్టం.

"దగ్గర్లో ఒక గది ఉండేదండీ" అన్నాను. "మీరు రాసిస్తే మేం తీసేశాం."

"అది రూల్సు ప్రకారం కాదు కదండీ" అన్నారు. నేను యోగా హాలు ఎట్లా ఉందని అడిగాను. చాయ్ తాగకుండానే వెళ్లిపోయారు.

ఆ యోగా హాలు మీద కూడా త్వరలోనే ఫిర్యాదు వచ్చింది. అసోసియేషన్ ఎన్నికల్లో ఆయన మీద ఓడిపోయినాయన ఇచ్చాడు. నోటీసులు అయ్యాయి, ఆర్డరు వచ్చింది, మేం బ్రేకర్ మిషన్‌తో డాబా ఎక్కాం. స్లాబుకు మూడు బొక్కలు పడ్డాయి, ఇనుము కనిపించింది, మల్లేశం ఫోటో తీశాడు. వరప్రసాద్ గారి శ్రీమతి కింద చెక్కపలకల మీద దుప్పటి కప్పి, దుమ్ము పడకుండా చూసుకుంది. వీధిలో నిలబడి చూసినవాళ్లలో బాలమణి కూడా ఉంది, ముందు చేపల బేసిన్ పెట్టుకుని. మేం దిగి వస్తుంటే మల్లేశాన్ని ఏదో అడిగింది, వాడేదో చెప్పాడు. నేను పట్టించుకోలేదు. ఆ వారంలోనే అదే హాల్లో సత్యనారాయణ వ్రతం జరిగింది. మా ఆఫీసుకు కూడా ప్రసాదం వచ్చింది. పెద్దసారు కళ్లకద్దుకుని తిన్నాడు.

కొత్త గది

వానాకాలం మొదట్లో మా ఆఫీసు ఫిర్యాదుల యాప్‌లో పేరులేని ఫిర్యాదు ఒకటి వచ్చింది. ఫోటోలో బాలమణి ఇంటి వెనక కొత్త స్లాబు కనిపిస్తోంది. ఆమె చిట్టీ ఎత్తి, మెడలో ఉన్నదేదో తాకట్టు పెట్టి కట్టి ఉంటుందని చూడగానే అర్థమైంది. రేకులంటే పోయినా మళ్లీ నాలుగు కొని వేసుకోవచ్చు. స్లాబు కూలితే మనిషి మళ్లీ లేవడం కష్టం.

ఫైలు పట్టుకుని పెద్దసారు దగ్గరికి పోయాను, ఈసారి గట్టిగా మాట్లాడదామని. ఆయన ఫోటో చూసి తేలికపడ్డాడు. "స్లాబేనా? మరి పరేషాన్ ఎందుకు? మూడు బొక్కలు గొట్టి ఫోటో పెట్టు, మూసేద్దాం" అన్నాడు. గది ఎవరిదన్నది ఆయనకు పట్టదు, రేకులా స్లాబా అన్నదే లెక్క.

బ్రేకర్, జనరేటర్ ఆటోలో వేసుకుని పోయాం. బాలమణి ఇంటి ముందు అప్పటికే ఇంకో ఆటో ఆగి ఉంది. అందులో ట్రంకు పెట్టె, గ్యాస్ పొయ్యి, వాటి మధ్య పిల్లను పట్టుకుని అనిత. నర్సింలు దిగి పక్కన నిలబడి ఉన్నాడు. మమ్మల్ని, మిషన్‌ను చూసి అనిత దిగలేదు. దిగాలో, ఆటో వెనక్కి తిప్పించాలో తెలియనట్టు కూర్చుంది.

బాలమణి మాత్రం కొంగు నడుముకు చెక్కుకుని ఎదురొచ్చింది. ముఖంలో భయం లేదు.

"రాండ్రి సారూ. మీరొస్తరని ఎరికే. ఆళ్లను గూడ గందుకే బయటనే ఆపిన, మీరు సూసినంకనే లోపటికి రమ్మందామని."

నన్ను వెనక గదిలోకి తీసుకుపోయింది. ఇంకా సున్నం వేయలేదు. గదిలో చీకటిగా ఉంది. ఆమె గుమ్మంలో నుంచి పైకి కేకేసింది. "ఓ యాదయ్యా, సారొచ్చిండు. బేసిన్లు తియ్యి."

పైన యాదయ్య నడుస్తున్న చప్పుడు వినిపించింది. తర్వాత సిల్వర్ బేసిన్ జరిగిన చప్పుడు. స్లాబులో ఒక మూల గుండ్రంగా వెలుతురు పడింది. ఇంకో బేసిన్ జరిగింది, ఇంకో వెలుతురు. మూడోది గది నడుమ పడింది. కొట్టిన బొక్కలు కావవి. స్లాబు పోసేటప్పుడే లోపల డబ్బాలు పెట్టి, నున్నగా వదిలిన బొక్కలు. లోపలి ఇనుము అడ్డంగా, శుభ్రంగా కనిపిస్తోంది.

ఆమె కొలత చూపిస్తున్నట్టు చెయ్యెత్తింది.

"మూడే కావాలె గద సారూ? గా యోగా సారు ఇంట్ల మీరు కొట్టంగ సూసిన. గీ తమ్మిని అడిగితె స్లాబుకు మూడు బొక్కలుంటె సాలు, ఇగ ఎవరు రారన్నడు." మల్లేశం నేలచూపులు చూశాడు. "మేస్త్రీ ఒప్పుకోలే. వాన కురుస్తదే పిచ్చిదానా అన్నడు. సర్కారు రూలు నీకేం తెలుసు, పెద్ద పెద్దోళ్ల ఇండ్లకే ఉన్నయని నేనే చెప్పిన. ఇనుము గూడ కనవడాలెనట గద, మీరు ఫోటో తీస్తరని ఇనుము కొయ్యనియ్యలే."

"వానొస్తే ఎట్లమ్మా?" అని అడిగాను. ఇంకేం అడగాలో తెలియక అడిగాను.

"బేసిన్లు బోర్లిస్తం సారూ. మీరొచ్చినప్పుడు తీస్తం." తర్వాత గొంతు తగ్గించి, ఏదో ఒప్పుకుంటున్నట్టు అన్నది. "ముందుగాల మాకు తెల్వకపాయె. ఒట్టి రేకులేసినం, బొక్కలు లెవ్వు. గందుకే గద మీరు ఇప్పుకపోయిండ్రు. తప్పు మాదే."

నా సర్వీసులో ఎందరో నన్ను తిట్టారు. పైనుంచి ఫోన్లు చేయించారు, ఒకాయన కుక్కను వదిలాడు. ఏదీ ఈ మాటంత తగల్లేదు. ఆమె మా పనిని శ్రద్ధగా చూసి, మాలో ఒక రూలు ఉందని నమ్మింది. మేం చేసేదానికి ఒక అర్థం ఉంటుందని ఆ వాడలో ఇంకా నమ్ముతున్న మనిషి ఆమె ఒక్కతే అయి ఉంటుంది.

అది రూలు కాదని చెబుదామనుకున్నాను. చెబితే ఏం చెప్పాలి. బొక్కలు లేకపోయినా అక్రమమే, ఉన్నా అక్రమమే, కానీ ఉంటే మేం రాము అనా? యోగా సారు బొక్కలు ఆ పొద్దే పూడ్చుకున్నాడు, నువ్వూ పూడ్చుకోవచ్చు అనా? మల్లేశం నా వైపు చూశాడు. నేను తల ఊపాను. వాడు ఫోన్ తీసి, మూడు బొక్కలూ ఒకే ఫోటోలో వచ్చేట్టు గది మూలకు ఆనుకుని నిలబడి తీశాడు. బ్రేకర్ ఆటోలోంచి దిగనేలేదు.

"రూలు సక్కగనే ఉన్నదా సారూ?" అని అడిగింది బాలమణి. "ఉన్నదంటె ఆళ్లను లోపటికి రమ్మంట."

"ఉన్నదమ్మా" అన్నాను. "రమ్మను."

అనిత ఆటో దిగి వచ్చింది. గుమ్మంలో ఆగి, పిల్లను భుజం మార్చుకుని, తల పైకెత్తి మూడు బొక్కలనూ చూసింది. తర్వాత చీర తీసి, ఉయ్యాల ఏ మూల కడితే పిల్ల మీద చినుకు పడదో చూసుకోవడం మొదలుపెట్టింది.